టమేటా ధరతో పెరటి లెక్క తేలదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడైనా సరే, ఇంటి దగ్గర కూరాకు పెంచుకోవడం గురించి మాట ఎత్తి చూడండి. వచ్చే జవాబు ఒకటే: "కిలో టమేటా పది రూపాయలకు ఇంటి ముందుకే బండి వస్తుంటే ఎందుకన్నా ఈ అవస్థ? కొనుక్కుంటే పోలేదా?" దాని వెనకే ఇంకో రెండు మాటలు వస్తాయి. తాగడానికే నీళ్ళు లేని సీమలో మొక్కలకు నీళ్ళెక్కడివి అని ఒకటి. పెరటి తోట కలిగినవాళ్ళ సరదా అని ఇంకొకటి. ఈ మాటలు ఎంతగా పాతుకుపోయాయంటే, ఇళ్ళ స్థలాలు కొలిచి ఇచ్చే అధికారులు, ఇల్లు కట్టే మేస్త్రీలు, బడిలో పొదుపు పాఠం చెప్పే పంతుళ్ళు అందరూ వాటిని లోకజ్ఞానంగానే తీసుకున్నారు. ఒకప్పుడు దొడ్డి నిండా ఆకుకూరలు పెంచిన ముసలివాళ్ళు కూడా ఇప్పుడు అదే అంటున్నారు. నేను ఒప్పుకోను. ఈ మాటల వెనక ఉన్న లెక్క తప్పు. ఆ తప్పు లెక్క వల్ల ఈ ఊళ్ళలో చిన్న సంపాదన ఉన్న ఇళ్ళు రోజూ నష్టపోతున్నాయి.

ఎదుటివాళ్ళ వాదనలో బలమైన భాగాన్నే ముందు తీసుకుంటాను. 2022-23లో కేంద్ర ప్రభుత్వం చేయించిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, దేశం మొత్తమ్మీద పల్లెల్లో మనిషి నెల ఖర్చులో కూరగాయలకు పోయేది 5.38 శాతం, పట్టణాల్లో 3.80 శాతం. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 4,870 రూపాయలని అదే సర్వే తేల్చింది. ఈ రెండు అంకెలూ కలిపి చూస్తే నలుగురున్న ఇంట్లో కూరగాయలకు అయ్యేది నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు. పెరట్లో పండించి అందులో సగం మిగిల్చినా ఐదు వందలు. బెంగుళూరులో ఒక్క రోజు బేల్దారి పనికి పోతే అంతకంటే ఎక్కువ వస్తుంది. మరి ఈ మట్టి పిసుక్కోవడం ఎందుకు? ఇదీ వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

అదే సర్వేలో ఇంకో వరుస ఉంది. టీ, కాఫీ, కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే తిండి, బయట తినే తిండి, ఇవన్నీ కలిపి పల్లెల్లో 9.62 శాతం, పట్టణాల్లో 10.64 శాతం. కూరగాయల మీద పెట్టేదానికి పల్లెల్లో దాదాపు రెండింతలు, పట్టణాల్లో రెండున్నర రెట్లకు పైన. కూరగాయల ఖర్చు తక్కువగా కనబడడానికి కారణం అవి చౌక కావడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మనం తినడమే తక్కువ. రోజుకు మనిషి కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురున్న ఇంటికి అది 1,600 గ్రాములు. ఏ మధ్యతరగతి ఇంట్లోనైనా రోజుకు కిలోన్నర కూరాకు, పండ్లు తెగుతున్నాయా? సంకటి ముద్ద, ఊరుబిండి, పలచటి చారుతో ఎన్ని పూటలు గడిచిపోతున్నాయో ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫలితం కూడా అంకెల్లోనే ఉంది. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి, ఐదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది.

అందుకే వెయ్యి రూపాయల్లో ఎంత మిగులుతుందని చూసే లెక్క మొదట్లోనే దారి తప్పింది. పెరడు చేసే పని ఆ వెయ్యిలో కోత పెట్టడం కాదు. తినకుండా పోతున్నదాన్ని కంచంలోకి తేవడం. ఇంటి పక్కన మునగచెట్టు ఉంటే పప్పులో గుప్పెడు మునగాకు పడుతుంది. అదే గుప్పెడు కోసం ఎవరూ చేతి సంచి పట్టుకుని అంగడికి పోరు. కరివేపాకు, గోంగూర, తోటకూర, బచ్చలి, పొన్నగంటి కూడా అంతే. ఇంట్లో ఉంటే తింటాం, కొనాలంటే రేపటికి వాయిదా వేస్తాం.

డబ్బు ఎంత వస్తుందన్నదే కాకుండా ఎప్పుడు వస్తుందన్నది కూడా లెక్కలోకి రావాలి. ధర్మవరంలో కూలికి నేసే నేతన్న ఇల్లు చూడండి. రేషం, జరీ సావుకారి ఇస్తాడు. మగ్గం మీద చీర పూర్తయి, కోసి అప్పజెప్పాక మజూరీ చేతికి వస్తుంది. పట్టుచీరకు పనితనాన్ని బట్టి రోజులు పడతాయి, పెద్ద చీరకు వారాలు పడతాయి. వానాకాలం గుంత మగ్గంలోకి నీరు ఊరితే పని ఆగిపోతుంది. మర మగ్గాల చీరలు సంతను ముంచెత్తిన ఏడాది సావుకారే పని తగ్గిస్తాడు. సంపాదన ఇలా ముద్దలు ముద్దలుగా వస్తుంటే పొయ్యి మాత్రం రోజూ రెండు పూటలా వెలగాలి. చేతిలో డబ్బు తగ్గుతున్న కొద్దీ ఆ ఇంట్లో ముందు ఆగేది బియ్యం కాదు, నూనె కాదు. కూరగాయలు ఆగుతాయి. బియ్యం రేషన్‌లో వస్తుంది, ఉప్పూ పప్పూ ఖాతా రాసి అంగడివాడు ఇస్తాడు. కూరగాయల బండికి మాత్రం చిల్లర చేతిలో పెట్టాలి. చీర కోయడానికి ఇంకా నాలుగు రోజులుందనగా ఆ ఇంటి కంచంలో ఏముంటుందో చూసినవాళ్ళు పెరటి తోటను కిలోల లెక్కన, రూపాయల లెక్కన తూచరు. ఆ నాలుగు రోజులు గడిపించడమే దాని విలువ. పంటకు బీమా ఉండాలని అందరం అడుగుతాం. మరి వంటింటికి బీమా అక్కర్లేదా?

ఇక ఆ పది రూపాయల టమేటా సంగతి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమేటా కిలో 200 రూపాయల దాకా పోయింది. రెండు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరులో, కొనేవాడు లేక కర్నూలు వైపు రైతులు రోడ్డు పక్కన పారబోశారు. "కొనుక్కుంటే పోలేదా" అనేవాళ్ళు ఎప్పుడూ సెప్టెంబరు ధరే చెబుతారు. జూలై ధర అడిగితే అది ఎప్పుడో ఒకసారి జరిగేది అంటారు. ఈ మధ్య కాలంలో ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, చిక్కుడు, బీన్స్ అన్నీ వంతులవారీగా ఇదే ఆట ఆడాయి. ఎప్పుడో ఒకసారి అనేది ఏడాదికి రెండు మూడు సార్లు వస్తోంది.

అయినా పెరట్లో టమేటా పెంచమని నేను ఎవరికీ చెప్పను. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. టమేటాకు తెగులు ఎక్కువ, పురుగు ఎక్కువ, నీళ్ళు తప్పితే కాయ పగులుతుంది. మన చుట్టూ ఉన్న రైతులు టన్నుల కొద్దీ పండిస్తున్న పంట అది. వాళ్ళ దగ్గర కొనాలి. ధర పడిపోయిన వారంలో గంపెడు కొని, కోసి, ఉప్పు చల్లి మిద్దె మీద ఎండబెట్టి వరుగు చేసుకోవాలి. రైతుకూ నాలుగు రూపాయలు, మనకూ నాలుగు నెలల పులుసు. పొదుపైన సంసారం అంటే అన్నీ ఇంట్లోనే పండించుకోవడం అని ఎదుటివాళ్ళు ఒక బొమ్మ గీసి, ఆ బొమ్మను కొడుతున్నారు. మన పెద్దవాళ్ళెవరూ అలా బతకలేదు. ఏది ఎప్పుడు కొనాలో, ఏది అసలు కొనకూడదో వాళ్ళకు తెలుసు. హిందూపురం మార్కెట్ యార్డులోకి కొత్త చింతపండు దిగే రోజుల్లో ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో అదిమి పెట్టేవాళ్ళు. ఎండుమిర్చి కూడా అలాగే. గోరుచిక్కుడు, వంకాయ విరగకాసిన నెలలో వరుగులు పెట్టేవాళ్ళు. ఇప్పుడు అదే చింతపండును వానాకాలంలో వంద గ్రాముల ప్యాకెట్లుగా కొంటున్నాం. నెలజీతం వచ్చే ఇల్లు దాన్ని భరిస్తుంది. దినకూలీ ఇల్లు భరించలేదు, అయినా అదే చేస్తోంది. ఒక్కసారి పెట్టడానికి డబ్బు లేకపోవడం దానికి ఒక కారణం. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

నీళ్ళ వాదనకు వద్దాం. ఈ మూడు ఊళ్ళ విషయంలో దాన్ని తేలిగ్గా తీసేయడానికి వీల్లేదు. ఇక్కడ ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ రెండు రుతుపవనాలూ కలిపి. పెన్న పక్కనే పారుతుందని పేరేగానీ హిందూపురం ఏళ్ళ తరబడి ట్యాంకర్ల మీద బతికింది. పెన్నహోబిలం జలాశయం నుంచి అంత దూరం పైపులు వేసుకోవాల్సి వచ్చింది. తర్వాత హంద్రీ-నీవా కాలువ వచ్చి గొల్లపల్లి జలాశయం నిండాక కొంత ఊపిరాడింది. బిందెల వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళ ముందు తోట మాట ఎత్తితే కోపం రావడం సహజం.

అయితే కొనే కూరగాయలు ఎక్కడి నీళ్ళతో పండుతున్నాయి? ఇదే నేలలో, వందల అడుగుల లోతు బోరు వేసి, కరెంటు పెట్టి పైకి తోడిన నీళ్ళతో. టమేటా, వంకాయ, బెండ ఇక్కడి సంతకు వచ్చేసరికి ఇక్కడి భూగర్భజలాన్నే మోసుకొస్తున్నాయి. కొనుక్కుంటే నీళ్ళు మిగులుతాయన్నది భ్రమ. ఇంట్లో పెంచే ఆకుకూరకు మాత్రం కొత్తగా ఒక్క బిందె తోడాల్సిన పని లేదు, ఎందుకంటే ఆ నీళ్ళు ఇప్పటికే ఒకసారి ఇంట్లో వాడేశాం.

లెక్క చూద్దాం. జల్‌జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని పెట్టుకుంది. నలుగురికి 220 లీటర్లు. అందులో తాగేది, వండేది కొంచెమే. మిగిలిందంతా బోకులు కడగడం, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి. బోకులు కడిగినవి, బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి మాత్రం చూసుకున్నా నలభై యాభై లీటర్లు ఉంటాయి. పది చదరపు మీటర్ల మడికి, అంటే పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు కంటే కొంచెం పెద్ద నేలకు, మండువేసవిలో రోజుకు కావాల్సింది ఇంచుమించు అన్నే. నేల మీద ఎండుటాకు, చెనక్కాయ పొట్టు కప్పితే అంత కూడా అక్కర్లేదు. బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళను ఆకుకూర మీద పోయకూడదు. వాటిని గులకరాళ్ళు నింపిన గుంత గుండా అరటికో బొప్పాయికో పంపాలి. ఈ నీళ్ళన్నీ ఇప్పుడు వీధి కాలువలో పడి దోమలకు పనికొస్తున్నాయి.

వాన నీటి సంగతి కూడా ఉంది, అందులో నేను ఎక్కువ ఆశ చూపించను. 340 చదరపు అడుగుల చిన్న మిద్దె మీద కూడా ఏడాదికి 17 వేల లీటర్లకు పైగా కురుస్తుంది. కాగితం మీద గొప్పగా కనిపించే అంకె అది. వాన ఏడాదంతా పరుచుకుని రాదు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లోనే చాలా భాగం పడిపోతుంది. అన్ని నీళ్ళను నిలవ చేసే తొట్టి కట్టాలంటే పేద ఇంటికి తలకు మించిన ఖర్చు. మిద్దె మీది నీళ్ళను పైపుతో చెట్టు మొదట్లో గుంతలోకి దించడం మాత్రం ఎవరైనా చేయగలరు. మునగ, కరివేపాకు, నిమ్మ వంటివి ఆ తేమతోనే ఎండాకాలం చాలా భాగం గట్టెక్కుతాయి.

కలిగినవాళ్ళ సరదా అనే మాటలో కొంత నిజం ఉంది, ఆ నిజానికి కారణం వ్యాపారం. రంగురంగుల కుండీలు, ఇటుకల్లా అచ్చుపోసిన కొబ్బరి పొట్టు, సీసాల్లో ద్రవాలు, పచ్చ వల అన్నీ కొని లెక్క వేస్తే కిలో వంకాయ రెండు వందలు పడుతుంది. అది చూసి "నేను ముందే చెప్పలేదా" అంటారు. హైదరాబాదులో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోటను ఒక ఉద్యమంలా ఇల్లిల్లూ తిప్పారు, ఎందరికో మట్టి వాసన మళ్ళీ చూపించారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయితే మహానగరంలో డాబా మీద సాగేదాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ధర్మవరం నేతవాడలో పెట్టలేం. ఇక్కడ ఎర్రనేల ఉంది, చెరువు ఉంది, పేడ ఉంది. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు, పరిగి చెరువు ఎండాకాలం అడుగంటినప్పుడు దొరికే ఒండ్రు ఏ దుకాణంలో దొరికే మట్టికీ తీసిపోదు. బండెడు తెచ్చి, తిప్పలో మాగిన పేడ కలిపి, పాత సిమెంటు సంచుల్లో, పగిలిన డ్రమ్ముల్లో, రంగు డబ్బాల్లో నింపితే ఖర్చు బండి బాడుగే.

ఒక్క చిక్కుడు పాదు దగ్గర కూర్చుని చూస్తే ఈ వాదనలన్నీ ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. బోకులు కడిగే బండ పక్కన, నీళ్ళు పోయే దారిలో, జానెడు గుంత తీసి, రెండు దోసిళ్ళ పేడ ఎరువు వేసి ఆషాఢంలో మూడు గింజలు పెడతారు. నాలుగైదు రోజులకు మొలక నేలను పగలగొట్టుకుని తల వంచుకునే పైకి వస్తుంది, తర్వాత రోజు నిటారుగా నిలబడుతుంది. బలహీనమైనదాన్ని పీకేసి రెండు ఉంచుతారు. ఒక కంది కట్టె, దాని మీంచి గోడకు లాగిన పాత మగ్గం తాడు. శ్రావణ భాద్రపదాల్లో తీగ గోడెక్కి మిద్దె అంచు పట్టుకుంటుంది, ఆకు తప్ప పూత కనబడదు. కొత్తవాళ్ళు ఇక్కడే విసిగిపోయి పీకేస్తారు. నాటు చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగేదాకా పూయదు. ముందు వేసినా వెనక వేసినా ఆశ్వయుజం దాటాకే ఊదారంగు పూలగెల పైకి లేస్తుంది. ఆ తర్వాత కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఆగదు. రెండు మూడు రోజులకోసారి గిన్నెడు కాయ. పేనుబంక పడితే బూడిద చల్లుతారు, వేపగింజల కషాయం కొడతారు, మరీ ముదిరితే ఆ కొస తుంచి పారేస్తారు. ముదిరిన కాయల్లో మంచివి నాలుగు తీగ మీదే ఎండనిచ్చి, గింజలు బూడిదలో కలిపి మరుసటి ఏటికి దాస్తారు. ఈ మొత్తంలో డబ్బు పెట్టి కొన్నది ఒక్కటీ లేదు. హిందూపురం, మడకశిర వైపు చలికాలం వస్తే అనపకాయల కోసం ప్రాణం పెడతారు. పితికిపప్పు పులుసు లేని సంక్రాంతి ఉండదు. అదే జాతి తీగ, అదే కాలం.

ఇళ్ళల్లో అందరూ పండించుకుంటే రైతు ఏమైపోవాలి అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. రైతు మీద ప్రేమతో అడిగితే సంతోషమే. ఈ ప్రాంతపు రైతు ఇంట్లో ఏం జరుగుతోందో కూడా చూడాలి. కొర్ర, సామ, జొన్న, రాగి, అనుములు, అలసందలు కలిపి వేసిన చేలను వేరుశనగ ఒక్కటే లక్షల ఎకరాల్లో మింగేసింది. వాన తప్పిన ఏడాది చెనక్కాయ పోతే దానితోపాటు ఇంటి తిండి కూడా పోయే స్థితి వచ్చింది. పది ఎకరాల రైతు కూడా టౌనుకు వచ్చి సంచిలో కూరగాయలు కొనుక్కుపోతున్నాడు. పెరటి తోట ముందు అవసరమైంది అతనికే. 2016లో మొదలై రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో పెరటి తోటకు చోటిచ్చింది అందుకే. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఆకుతో కప్పే పద్ధతి అక్కడ నేర్పుతున్నారు. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. కేరళ, బయటినుంచి వచ్చే కూరగాయల మీద మందుల అవశేషాలు చూసి, ఓణానికి ప్రతి ఇల్లూ ఒక చేటెడు కూరగాయలు పండించాలని ప్రభుత్వమే విత్తనాలు పంచే పథకం పెట్టుకుంది. అక్కడి రైతులు దానివల్ల నష్టపోయామని గోల పెట్టినట్టు నేను వినలేదు. ఇంట్లో ఆకుకూర తినడం అలవాటైన పిల్లవాడే రేపు సంతలో కూరగాయలు కొంటాడు, చిప్స్ ప్యాకెట్‌కు అలవాటైనవాడు కొనడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసే విమర్శ వేరే వైపు నుంచి వస్తుంది. కూలి పెంచమని అడగాల్సిన చోట పొదుపు నేర్పడం పేదవాణ్ణే తప్పుపట్టడం అవుతుందని, కూలిసంఘాల్లో పనిచేసిన మిత్రులు అంటారు. ఇందాక వాయిదా వేసిన సంగతి ఇదే. ఏడాది చింతపండు ఒక్కసారి కొనలేకపోవడం తెలివి లేక కాదు, డబ్బు లేక. చీరకు మజూరీ పెరగకుండా గోంగూర మడితో నేతన్న అప్పు తీరదు. ఇందులో ఒక్క అక్షరం కూడా నేను కాదనను.

అంతమాత్రాన పొదుపును వదిలెయ్యాలా? దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామన్నదే ముఖ్యం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం తర్వాత ఆడవాళ్ళు రోజుకు ఒక రూపాయి దాచుకునే సంఘాలు కట్టారు. ఆ పొదుపు పోరాటంలోంచి పుట్టింది, మొగుడి తాగుడుకు పోయే డబ్బును ఇంటికి మళ్ళించింది. తర్వాత ఇరవై ఏళ్ళలో ఏమైంది? సంఘాలు అప్పు ఇచ్చే దారులుగా మారాయి, వాటి పక్కనే సూక్ష్మరుణ కంపెనీలు వాలాయి, వసూళ్ళ వేధింపులకు ప్రాణాలు పోతుంటే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పొదుపు ఆడవాళ్ళ చేతిలో ఉన్నంతకాలం బలమైంది, అప్పులవాడి చేతికి పోయాక ఉరి అయింది. దీనికి ఎదురు సాక్ష్యం మన పక్కనే ఉంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు భూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్, ఆ చుట్టుపక్కల మండలాల ఆడవాళ్ళతో పొదుపు సహకార సంఘాలు కట్టించింది. వాళ్ళ డబ్బు వాళ్ళ సంఘంలోనే తిరుగుతుంది, అప్పు ఎవరికి ఎంత అన్నది వాళ్ళే తేలుస్తారు. చిరుధాన్యాలు పండించే రైతులు ధరణి అనే సహకార సంఘంగా ఏర్పడి పంట అమ్ముకుంటున్నారు. దాచుకోవడం, పండించుకోవడం, ధర కోసం కలిసి నిలబడడం అక్కడ ఒకే పనిలో భాగాలు. ఇంట్లో నాలుగు రోజుల తిండి ఉన్న కూలీ మజూరీ బేరంలో నాలుగు రోజులు ఎక్కువ నిలబడగలడు. సమ్మె చేసిన ఎవరినైనా అడగండి.

పెరడు ఆడదాని నెత్తిన ఇంకో చాకిరీ అవుతుందన్న మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఇంటి పని, పట్టుదారం తీసే పని, నీళ్ళు మోసే పని చేసే మనిషికి మడి తవ్వే పని కూడా అప్పగిస్తే అది అన్యాయమే. మడి తవ్వడం, ఒండ్రు మోయడం, పందిరి వేయడం మొగవాళ్ళ పని కావాలి. నీళ్ళు పోయడం పిల్లల పని కావాలి. అలా కుదరని ఇంట్లో ఒక మునగ, ఒక కరివేపాకు నాటి ఆగిపోయినా తప్పు లేదు, రెండూ నాటాక వాటంతటవే బతుకుతాయి. వానాకాలం మునగకు గొంగళిపురుగులు పడితే చెట్టు కొట్టేయకుండా పురుగులు గుంపుకట్టిన కొమ్మ నరికి కాల్చేస్తే చాలు. కోతుల బాధ మాత్రం పెనుకొండ కొండ కింద ఉన్నవాళ్ళకు నిజమైన బాధ. బొప్పాయి, మొక్కజొన్న అక్కడ పెట్టి ప్రయోజనం లేదు. నేలలో ఊరే చేమ, కంద పెట్టుకోవడం మేలు.

ఈ "కొనుక్కుంటే పోలేదా" అన్న మాటతో జరిగిన అసలు నష్టం నేల కొలతల్లో ఉంది. 2020 డిసెంబరులో రాష్ట్రమంతా పేదలకు ఇళ్ళ స్థలాలు పంచినప్పుడు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. సెంటు అంటే 435 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు. మిగిలే వంద అడుగుల లోపు స్థలంలో మెట్లు, నడవ పోతే ఒక బాన పెట్టుకోవడానికి చోటు ఉండదు. ఇల్లు ఇచ్చినందుకు ఎవరూ తప్పుపట్టరు, ఎందరికో అది మొదటి సొంత గోడ. దొడ్డి అనేది ఇంటిలో భాగం అని ఆ కొలత గీసినవాళ్ళెవరికీ తోచలేదు, అడిగినవాళ్ళూ లేరు. అదే ఏడాది ఏప్రిల్‌లో కరోనా కేసులతో హిందూపురం వీధులకు వీధులు కట్టెలు అడ్డం కట్టి మూసేసినప్పుడు, ఇంట్లోంచి బయటికి రాకూడదన్నప్పుడు, ఆకుకూర ఎవరి ఇంట్లో ఉందో అప్పుడే చూశాం. ఎనిమిది నెలలకే మరిచిపోయాం. ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చి 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల ఉన్న దొడ్లు కూడా అద్దె గదులయ్యాయి. నెలకు వేలల్లో వచ్చే అద్దెను కాదని దొడ్డిలో తోటకూర వేసుకోమని ఎవరినీ అడగలేం. ఆ గదులకు కూడా మిద్దె ఉంది, గోడ ఉంది, నీళ్ళు పోయే దారి ఉంది. చిక్కుడు తీగకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామని చెప్పింది. రెండు సెంట్లంటే 871 చదరపు అడుగులు. అదే 340 అడుగుల ఇల్లు కడితే ఐదు వందల అడుగులకు పైగా నేల మిగులుతుంది, అందులో నూరు అడుగుల మడి సులువుగా పడుతుంది. ఆ నేలను సిమెంటుతో మూసేయకుండా, వంటింటి నీళ్ళు వీధి కాలువలోకి కాకుండా ముందు మడిలోకి పారేలా, పునాది తీయకముందే ప్లానులోనే గీయాలి. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ మూడూ పట్టణ పాలక సంస్థలున్న ఊళ్ళే. ప్లాను చేతిలో పెట్టే మున్సిపల్ ఇంజనీరు ఆ ఒక్క గీత గీస్తే పైపు ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఇల్లు కట్టి గచ్చు వేశాక దాన్ని పగలగొట్టి వేయాలంటే ఏ పేదవాడూ వేయలేడు.